ఏడాది ఎప్పుడు మొదలవుతుందో కంప్యూటర్‌కి ఎవరు చెప్పాలి?

బంగారం దుకాణాల లెక్కల్లో ఏప్రిల్ పేచీ పెట్టే నెల. అక్షయ తృతీయ 2023లో ఏప్రిల్ 22న పడింది, 2024లో మే 10కి వెళ్లింది, 2025లో మళ్లీ ఏప్రిల్ 30కి వచ్చింది. ఈ ఏప్రిల్ అమ్మకాలను పోయినేడాది ఏప్రిల్ అమ్మకాల పక్కన పెట్టి చూపించే రిపోర్టు ఒకటి నగల వ్యాపారి కంప్యూటర్‌లో ఉందనుకుందాం. బంగారం ధర ఎక్కడిదక్కడే ఉన్నా సరే, 2024 ఏప్రిల్‌లో ఆ రిపోర్టు వ్యాపారం పడిపోయిందని ఎర్రగా చూపిస్తుంది, 2025 ఏప్రిల్‌లో పుంజుకుందని పచ్చగా చూపిస్తుంది. కూడికలూ తీసివేతలూ పైసాతో సహా సరిపోతాయి, పోలికే సరిపోదు. పండగ ఉన్న నెలను పండగ లేని నెలతో పోల్చమని ఆ యజమాని అడగలేదు. అలా పోల్చకూడదని కంప్యూటర్‌కి ఎవరూ చెప్పనూ లేదు. చెప్పాల్సిన చోటు ఒకటుంది. రిపోర్టులు తయారుచేసేవాళ్లు దాన్ని డేట్ టేబుల్ అంటారు, కొందరు క్యాలెండర్ టేబుల్ అంటారు. పవర్ బీఐ లాంటి సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లు ఇది ఎలా చేయాలో ఒక ఫార్ములా రాసుకుని ముందుకు వెళ్లిపోతుంటారు. కానీ రిపోర్టు మొత్తంలో యాజమాన్యం స్వయంగా కూర్చుని తేల్చుకోవాల్సిన భాగం ఏదైనా ఉంటే అది ఇదేనని నా వాదన. దాన్ని లాంఛనంగా వదిలేస్తే ఆ సంస్థకు ఏడాది ఎప్పుడు మొదలవుతుందో, పనిరోజు అంటే ఏదో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లే తేల్చేస్తారు.

డేట్ టేబుల్‌లో ఏముంటుందో చెప్పడం తేలిక. రోజుకు ఒక వరస. మొదటి కాలమ్‌లో తేదీ, తర్వాతి కాలమ్‌లలో ఆ తేదీ గురించి మనకు కావలసిన సంగతులు: ఏ వారం, ఏ నెల, ఏ త్రైమాసికం, ఏ ఆర్థిక సంవత్సరం, సెలవా పనిరోజా, పండగ ఉందా లేదా. మన ఇళ్లలో ఉండే పంచాంగం సరిగ్గా ఈ పనే చేస్తుంది. ప్రతి రోజుకూ తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం ముందే గణించి వరసలో పెడుతుంది. ముహూర్తం కావలసినప్పుడు ఎవరూ చంద్రుడి గమనాన్ని మొదటినుంచి లెక్క వేయరు, పుస్తకం తెరిచి చూస్తారు. రిపోర్టు కూడా అంతే. అమ్మకాల టేబుల్‌లో ప్రతి బిల్లుకూ తేదీ మాత్రమే ఉంటుంది. ఆ తేదీని డేట్ టేబుల్‌లోని అదే తేదీకి ముడివేస్తే, ఆ వరసలో రాసి ఉన్న సంగతులన్నీ బిల్లుకు వర్తిస్తాయి. కొనుగోళ్ల టేబుల్‌నూ, టార్గెట్ల టేబుల్‌నూ, హాజరు పట్టీనీ అదే డేట్ టేబుల్‌కి ముడివేస్తే అన్నీ ఒకే కాలమానంలో కనిపిస్తాయి. ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. డేటా వేర్‌హౌస్‌ల రూపకల్పనకు ఒక దారి చూపించిన రాల్ఫ్ కింబాల్ 1996లో వెలువరించిన 'ది డేటా వేర్‌హౌస్ టూల్‌కిట్'లోనే ఈ పద్ధతి ఉంది. మిగతా టేబుళ్లలో సమాచారం జరిగిన తర్వాత వచ్చి చేరుతుంది. తేదీల టేబుల్ ఒక్కదాన్ని మాత్రం రాబోయే ఏళ్లకు కూడా ముందే నింపి పెట్టుకోవచ్చు.

అయితే ఏం నింపాలి? ఇక్కడే సాఫ్ట్‌వేర్ అలవాట్లు అడ్డొస్తాయి. ఏమీ చెప్పకపోతే పవర్ బీఐకి ఏడాది అంటే జనవరి 1 నుంచి డిసెంబరు 31. ఏడాది మొదలైనప్పటినుంచి ఇప్పటివరకు ఎంత అమ్మామో చెప్పే టోటల్‌వైటీడీ అనే ఫంక్షన్ ఉంది. ఏడాది ముగింపు తేదీ మార్చి 31 అని దానికి విడిగా చెప్పకపోతే జనవరి 1 ఉదయం మళ్లీ సున్నా నుంచి లెక్క మొదలుపెడుతుంది. మన చార్టర్డ్ అకౌంటెంట్‌కి జనవరి నాలుగో త్రైమాసికం, సాఫ్ట్‌వేర్‌కి ఒకటో త్రైమాసికం. ఇంతకీ ఈ జనవరి-డిసెంబరు లెక్క ఎవరిది? భారత ప్రభుత్వం 1867 నుంచి ఏప్రిల్-మార్చి పద్ధతిలో ఉంది, అంతకుముందు మే 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఉండేది. 2013 కంపెనీల చట్టం, కొన్ని మినహాయింపులు తప్ప, మార్చి 31నే కంపెనీలన్నిటికీ ఏడాది ముగింపుగా ఖాయం చేసింది. బ్రిటన్‌లో వ్యక్తుల ఆదాయపు పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది. 1752లో అక్కడ క్యాలెండర్ మార్చినప్పుడు సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14 వచ్చింది, పన్ను తేదీ జరగడానికి మూలం ఆ సర్దుబాటే. అమెరికా కేంద్ర ప్రభుత్వం 1976లో తన ఏడాది మొదలును జూలై 1 నుంచి అక్టోబరు 1కి మార్చుకుంది. ఆ మార్పులో 1976 జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలు పాత ఏడాదికీ చెందక, కొత్త ఏడాదికీ చెందక విడిగా ఒక మధ్యంతర త్రైమాసికంగా మిగిలిపోయాయి. ఆఖరికి పవర్ బీఐ తయారుచేసే మైక్రోసాఫ్ట్ ఆర్థిక సంవత్సరం కూడా జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. తన సొంత లెక్కలకే పనికిరాని అలవాటును ఆ సంస్థ మనకు మొదటి ఏర్పాటుగా ఇచ్చిందన్నమాట! ఇందులో తప్పు పట్టాల్సింది కూడా లేదు. ఏదో ఒకటి ఇవ్వాలి కాబట్టి గోడ క్యాలెండర్‌ను ఇచ్చింది. దాన్ని అలాగే ఉంచుకుంటే ఆ నిర్ణయం ఇక మనదే అవుతుంది.

ఒకే ఒక్క వరసను దగ్గరగా చూస్తే ఈ టేబుల్ ఎంత బరువు మోస్తుందో తెలుస్తుంది. 2024 మే 13 తీసుకుందాం. ఎక్సెల్ లోపల ఆ రోజు పేరు 45425, తేదీలను అది అంకెలుగానే దాచుకుంటుంది కాబట్టి. అది సోమవారం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఏడాదిలో 20వ వారం. ఆర్థిక సంవత్సరం 2024-25, మొదటి త్రైమాసికం. ఆదాయపు పన్ను కాగితాల్లో అదే రోజు సంపాదన 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ కిందికి వెళుతుంది. రెవెన్యూ రికార్డుల్లో ఫసలీ సంవత్సరం జూలైలో గానీ మారదు కనుక ఆ రోజు ఇంకా 1433 ఫసలీలోనే ఉంది. చక్కెర పరిశ్రమకు ఏడాది అక్టోబరులో మొదలవుతుంది, కాబట్టి అది 2023-24 సీజన్. మైక్రోసాఫ్ట్ లెక్కలో 2024 ఆర్థిక సంవత్సరపు ఆఖరి త్రైమాసికం. తెలుగు సంవత్సరం క్రోధి. ఇవన్నీ ఏదో ఒక సూత్రంతో లెక్కకట్టగలిగినవే. ఇక ఏ సూత్రానికీ అందని సంగతి ఒకటి: ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ, తెలంగాణలో లోక్‌సభకూ పోలింగ్ జరిగింది. రెండు రాష్ట్రాల్లోనూ సెలవు. ఆ వారం హైదరాబాద్‌లోని ఆఫీసు పని తగ్గిందని, ఓటు వేయడానికి ఊళ్లకు వెళ్లేవాళ్లతో బస్సులు కిటకిటలాడాయని సమాచారం కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. ఎందుకో చెప్పదు. డేట్ టేబుల్‌లో ఆ తేదీ పక్కన 'పోలింగ్' అని ఎవరో ఒకరు రాసి ఉంటేనే, రెండేళ్ల తర్వాత ఆ గ్రాఫులో పల్లాన్ని చూసిన కొత్త మేనేజరు ఉద్యోగులను నిలదీయకుండా ఉంటాడు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం: 'ఇవన్నీ ఎందుకు, సాఫ్ట్‌వేరే తేదీల టేబుల్ తయారుచేసుకుంటోందిగా?' నిజమే, చేసుకుంటుంది. పవర్ బీఐలో ఆటో డేట్ టైమ్ అనే ఏర్పాటు ఉంది. మోడల్‌లో, అంటే రిపోర్టు వెనక ఉన్న టేబుళ్లన్నిటిలో, ఎక్కడ తేదీ కాలమ్ కనిపించినా, దాని కోసం వెనకాల ఒక టేబుల్‌ను మనకు కనిపించకుండా కట్టేస్తుంది. బిల్లు తేదీకి ఒకటి, డెలివరీ తేదీకి ఒకటి, చెల్లింపు తేదీకి ఒకటి, ఖాతాదారుడి పుట్టినరోజుకు ఇంకొకటి. మొదటి చిక్కు, ఇవి ఒకదానికొకటి సంబంధం లేనివి. అమ్మకాల 2024నూ కొనుగోళ్ల 2024నూ ఒకే మీటతో వడగట్టలేం. రెండోది, వాటిలో ఏడాది జనవరితోనే మొదలవుతుంది, పండగల కాలమ్ మనం చేర్చుకుందామన్నా వీలుండదు. మూడోది సరదాగా ఉంటుంది కానీ ఖరీదైనది. ఒక్కో దాగిన టేబుల్ ఆ కాలమ్‌లోని అతి పాత తేదీ ఉన్న ఏడాది నుంచి అతి కొత్త తేదీ ఉన్న ఏడాది దాకా ప్రతి రోజునూ పరుస్తుంది. పాత సాఫ్ట్‌వేర్లలో తేదీ తెలియనప్పుడు 1900 జనవరి 1 అని వేయడం, గడువు లేని ఒప్పందానికి 9999 డిసెంబరు 31 అని వేయడం మామూలు. ఈ రెండూ ఒకే కాలమ్‌లో ఉన్నాయంటే వెనకాల ఇంచుమించు 29 లక్షల 58 వేల వరసల టేబుల్ తయారవుతుంది. అమ్మకాలు నాలుగు వేల బిల్లులే అయినా ఫైలు మాత్రం కదలనంటుంది. తొలిసారి సాఫ్ట్‌వేర్ తెరిచినవాళ్లకు చేయూతగా ఈ ఏర్పాటు బాగానే ఉంటుంది, నెల నెలా నడవాల్సిన రిపోర్టుకు మాత్రం ఫైల్ సెట్టింగుల్లో దాన్ని ఆపేయడమే మంచిది.

సొంతంగా టేబుల్ కట్టుకోవడం అంత కష్టమేమీ కాదు. పవర్ బీఐ ఫార్ములాలు రాసే డాక్స్ భాషలో క్యాలెండర్ అనే ఫంక్షన్‌కు మొదటి తేదీ, చివరి తేదీ ఇస్తే మధ్యలోని రోజులన్నీ పరిచి ఇస్తుంది. క్యాలెండర్‌ఆటో అనేది ఆ రెండు తేదీలనూ తానే వెతుక్కుంటుంది. మన ఏడాది మూడో నెలతో ముగుస్తుందని దానికి ఒక అంకెతో చెప్పవచ్చు కూడా. కాకపోతే మోడల్‌లోని తేదీలన్నిటినీ చూస్తుంది కనుక, ఉద్యోగుల టేబుల్‌లో 1966లో పుట్టినవారు ఉంటే డేట్ టేబుల్ కూడా అక్కడినుంచే మొదలవుతుంది. అందుకే తేదీలు చేత్తో ఇవ్వడమే నయం. ఆర్థిక సంవత్సరానికి సూత్రం సులువు: నెల సంఖ్య నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే అదే ఏడాది, లేకపోతే ఒకటి తీసేసిన ఏడాది. ఆర్థిక నెల సంఖ్య కోసం నెలకు ఎనిమిది కలిపి, పన్నెండుతో భాగిస్తే వచ్చే శేషానికి ఒకటి కలపాలి. అలా ఏప్రిల్ ఒకటి అవుతుంది, మార్చి పన్నెండు అవుతుంది. ఈ సంఖ్య అలంకారం కోసం కాదు. నెలల పేర్లను సాఫ్ట్‌వేర్ అక్షరక్రమంలో పేరుస్తుంది. తెలుగులో పేర్లు పెడితే అక్టోబరు, ఆగస్టు, ఏప్రిల్, జనవరి అన్న వరసలో గ్రాఫు వస్తుంది! పేరును చూపించు కానీ ఈ సంఖ్య ప్రకారం పేర్చు అని చెప్పాలి. చివరగా ఆ టేబుల్‌ను డేట్ టేబుల్‌గా గుర్తించమని మెనూలో చెప్పాలి. అప్పుడు సాఫ్ట్‌వేర్ పరీక్ష పెడుతుంది. తేదీ కాలమ్‌లో ఖాళీలు ఉండకూడదు, ఒకే తేదీ రెండుసార్లు రాకూడదు, మధ్యలో ఒక్క రోజు కూడా తప్పిపోకూడదు.

కొత్తవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇంకోచోట. బిల్లింగ్ యంత్రం తేదీతో పాటు గంటా నిమిషమూ రాస్తుంది. 2024 మే 13 సాయంత్రం 6.42 అంటే లోపల దాని విలువ 45425 కాదు, 45425.779. డేట్ టేబుల్‌లో ఉన్నది ఒట్టి 45425. రెండూ తెరమీద ఒకే తేదీగా కనిపించేలా పెట్టుకోవచ్చు, కానీ ఒకదానికొకటి కలవవు. దాంతో రోజంతా జరిగిన అమ్మకాలు ఏ తేదీకీ చెందకుండా 'ఖాళీ' అనే పేరు కింద కుప్పపడతాయి. మందు ఒక్కటే. సమయాన్ని వేరే కాలమ్‌లోకి విడదీసి, తేదీని ఒంటరిగా ఉంచడం. దీనికి తోడు క్లౌడ్‌లో నడిచే రిపోర్టుకు 'ఈ రోజు' అంటే గ్రీనిచ్ లెక్కలో ఈ రోజు. మనకు అర్ధరాత్రి దాటినా ఉదయం 5.30 దాకా అది నిన్నటి రోజులోనే ఉంటుంది. తెల్లవారుజామున పాల బూత్‌ల లెక్క చూసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఒక్క రోజు కూడా తప్పిపోకూడదన్న నియమం చాలామందికి చాదస్తంలా అనిపిస్తుంది. ఆదివారం దుకాణం మూసి ఉంటే ఆ తేదీ ఎందుకని అడుగుతారు. అమ్మకాల టేబుల్‌లో అమ్మకం జరిగిన రోజులే ఉంటాయి, జరగని రోజు అసలు ఉండదు. నెలకు 26 లక్షల వ్యాపారం, తెరిచి ఉన్నది 26 రోజులు అనుకుంటే రోజుకు లక్ష. అదే మొత్తాన్ని 30తో భాగిస్తే 86,667 రూపాయలు. రెండూ సరైన సగటులే, ఏది కావాలో అడిగినవాళ్లు తేల్చుకోవాలి. అమ్మకాల టేబుల్ ఒక్కటే ఉంటే రెండో ప్రశ్న అడగడానికే వీలుండదు. పైగా తెరిచి ఉండి కూడా ఒక్క బిల్లు పడని రోజుకూ, సెలవు రోజుకూ తేడా తెలియదు. ఇంకో సంగతి. 2024 ఆగస్టులో నాలుగు ఆదివారాలు, 2025 ఆగస్టులో ఐదు. వారాంతపు రద్దీ మీద బతికే హోటలుకు రెండో ఆగస్టు బాగుండటంలో వంటవాడి గొప్ప ఎంత, క్యాలెండర్ గొప్ప ఎంత? ఈ చిక్కును తప్పించుకోవడానికే అమెరికా రిటైల్ సంస్థలు చాలా కాలంగా నెలలను వదిలేసి వారాలతో ఏడాదిని కట్టుకుంటున్నాయి. నాలుగు, ఐదు, నాలుగు వారాల చొప్పున త్రైమాసికం నడుస్తుంది. ఏడాదికి 364 రోజులే వస్తాయి కనుక మిగిలిన రోజులు పోగై, ఐదారేళ్లకోసారి 53వ వారం పుడుతుంది. 2024 ఫిబ్రవరి 3తో ముగిసిన వాళ్ల 2023 ఆర్థిక సంవత్సరానికి అలా 53 వారాలున్నాయి. హైదరాబాద్‌లో కూర్చుని ఆ సంస్థలకు రిపోర్టులు చేసేవాళ్లకు ఈ అదనపు వారం బాగా తెలుసు. పోయినేడాది ఇదే కాలం అన్న మామూలు ఫంక్షన్ ఇక్కడ చేతులెత్తేస్తుంది, వారాల కాలమ్‌లు ఉన్న డేట్ టేబుల్ ఉంటే తప్ప పోలిక కుదరదు.

మన దగ్గర సమస్య వారాలకన్నా పండగలతో ఎక్కువ. సంక్రాంతి సూర్యమానం ప్రకారం వస్తుంది కాబట్టి జనవరి 14న గానీ 15న గానీ నిలకడగా ఉంటుంది, దానితో రిపోర్టులకు పేచీ లేదు. ఉగాది చాంద్రమానం. 2022లో ఏప్రిల్ 2న, 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. ఈ తేదీలను మన ఆర్థిక సంవత్సరాల్లో వేసి చూడండి. 2022-23లో రెండు ఉగాదులున్నాయి. 2023-24లో ఒక్కటీ లేదు. 2024-25లో మళ్లీ రెండు. 2025-26లో ఒకటి. ఉగాది ముందు వారంలో బట్టలో, బళ్లో, టీవీలో ఎక్కువగా అమ్మే సంస్థ తన వార్షిక నివేదికలో 2023-24లో వృద్ధి మందగించిందని, మరుసటి ఏడాది అద్భుతంగా కోలుకుందని రాసుకుంటే, అందులో పండగ వాటా ఎంతో విడదీసి చూడకుండా ఆ వాక్యాన్ని నమ్మలేం. ఆషాఢం కూడా అంతే. చీరల దుకాణాల ఆషాఢం తగ్గింపులు 2023లో జూన్ మూడో వారం నుంచి జూలై మధ్య వరకు నడవాల్సినవి, 2024లో జూలై మొదటి వారం నుంచి ఆగస్టు మొదలు దాకా నడవాల్సినవి. పైగా 2023లో ఆషాఢం తర్వాత వెంటనే పెళ్లిళ్ల శ్రావణం రాలేదు, జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం అడ్డుపడింది. ఆ ఏడాది ఆగస్టును మరుసటి ఏడాది ఆగస్టుతో పోల్చే మేనేజరు ముహూర్తాలు లేని పక్షాన్ని ముహూర్తాలున్న పక్షంతో పోలుస్తున్నాడు. డేట్ టేబుల్‌లో చాంద్రమాసం అనే కాలమ్ ఒకటి, 'పండగకు ఎన్ని రోజులు' అనే కాలమ్ ఇంకొకటి ఉంటే ఏప్రిల్‌తో ఏప్రిల్‌ను కాకుండా, ఉగాదికి ముందు పది రోజులను ఉగాదికి ముందు పది రోజులతో పోల్చవచ్చు. ప్రపంచంలో ఎక్కడో తయారైన సాఫ్ట్‌వేర్‌లో ఈ కాలమ్ ముందే ఉంటుందని ఆశించడం అత్యాశ. మనమే రాసుకోవాలి.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వినిపిస్తుంది. టేబుల్ ఎందుకు, ఏ రిపోర్టుకు ఏది కావాలో ఆ ఫార్ములాలోనే రాసుకోవచ్చు కదా అని. రాసుకోవచ్చు. అమ్మకాల విభాగం ఒకలా రాసుకుంటుంది, గోదాము విభాగం ఇంకోలా రాసుకుంటుంది. ఒకరి వారం ఆదివారం మొదలవుతుంది, ఇంకొకరిది సోమవారం. ఒకరు రెండో, నాలుగో శనివారాలు బ్యాంకు సెలవులని గుర్తుంచుకుంటారు, ఇంకొకరు మరిచిపోతారు. నిజానికి ఆ నియమం 2015 సెప్టెంబరు 1 నుంచే ఉంది, అంతకుముందు తేదీలకు దాన్ని వర్తింపజేస్తే అదో తప్పు. నెలాఖరు సమావేశంలో రెండు విభాగాల అంకెలు కలవవు, అరగంట ఎవరిది తప్పో తేల్చడానికే పోతుంది. దేశం మొత్తానికి ఈ అనుభవం ఉంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దగ్గర ముప్పై రకాల దాకా క్యాలెండర్లు వాడుకలో ఉన్నాయి, ఒకే పండగ ఒక్కోచోట ఒక్కో రోజు వచ్చేది. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణల సంఘాన్ని వేశారు, దాని నివేదిక 1955లో వచ్చింది. 1957 మార్చి 22ను శక సంవత్సరం 1879 చైత్రం 1గా లెక్కించి జాతీయ పంచాంగాన్ని అమల్లోకి తెచ్చారు. ఇళ్లలో ఆ క్యాలెండర్ పెద్దగా కుదురుకోలేదన్నది నిజమే, పండగ ఈ రోజా రేపా అన్న వాదన ఇప్పటికీ టీవీ చర్చలకెక్కుతూనే ఉంది. కానీ గెజిట్ మీద ఏ తేదీ వేయాలన్న విషయంలో ప్రభుత్వానికి ఒకే ఆధారం ఏర్పడింది. సంస్థకూ కావలసింది అంతవరకే. మార్కెటింగ్ వాళ్లు తమ గోడమీద ఏ క్యాలెండర్ తగిలించుకున్నా, రిపోర్టు చదివేది మాత్రం ఒకే టేబుల్‌ను.

చిన్న దుకాణానికి ఇదంతా అక్కర్లేదన్న మాటను నేను కాదనను. ఒకే కొట్టు, ఒకే ఎక్సెల్ షీటు, ఈ నెల ఎంత వచ్చిందో తెలిస్తే చాలు అనుకునే యజమానికి పివట్ టేబుల్ తేదీలను నెలల వారీగా కూర్చి ఇస్తుంది. అక్కడ డేట్ టేబుల్ కట్టమనడం పని పెంచడమే. అవసరం ఎప్పుడు మొదలవుతుందంటే, రెండో టేబుల్ వచ్చి చేరినప్పుడు, లేదా పోయినేడాదితో పోలిక అడిగినప్పుడు. విజయవాడలో ఒక కొట్టు, సికింద్రాబాద్‌లో ఒక కొట్టు ఉన్నా చాలు. బోనాలకు తెలంగాణలో సెలవు, ఆంధ్రప్రదేశ్‌లో మామూలు రోజు. జూన్ 2 ఒకచోట రాష్ట్ర అవతరణ దినం, రెండోచోట కాదు. కాబట్టి సెలవు అనే కాలమ్ ఒకటి సరిపోదు, రాష్ట్రానికొకటి కావాలి.

కొత్త సాంకేతికత ఈ శ్రమను తప్పిస్తుందేమో అనే ఆశ కూడా ఉంది. 2025 సెప్టెంబరులో పవర్ బీఐ తన కాలగణన ఫంక్షన్లను ప్రయోగాత్మకంగా మార్చింది. జనవరి-డిసెంబరు క్యాలెండర్‌కు కట్టుబడి ఉండాల్సిన పని లేకుండా, వారాల క్యాలెండర్‌తో సహా ఎవరి క్యాలెండర్‌ను వాళ్లు నిర్వచించుకునే వీలు కల్పించింది. మంచి మార్పే. అయితే నిర్వచనం ఎక్కడ రాయాలని చూస్తే మళ్లీ ఒక టేబుల్‌లోనే. ఏ కాలమ్ ఏడాదో, ఏ కాలమ్ వారమో మనమే చూపించాలి. కృత్రిమ మేధను అడిగితే డేట్ టేబుల్ ఫార్ములా అరనిమిషంలో రాసి ఇస్తుంది, చాలాసార్లు సరిగ్గానే రాస్తుంది. మన సంస్థలో పనిరోజు అంటే ఏమిటో, ఏ పండగకు మన అమ్మకాలు కదులుతాయో మాత్రం అది మనల్నే అడగాలి. అడగకుండా ఊహించుకుందంటే మళ్లీ మొదటి ఏర్పాటుకే వచ్చాం.

మిగిలేది సంరక్షణ. వచ్చే ఏడాది సాధారణ సెలవులు, ఐచ్ఛిక సెలవుల జాబితాను రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ జీవోలుగా ఇస్తాయి, అవి రాగానే సెలవుల కాలమ్ నింపాలి. రంజాన్ నెలవంకను బట్టి ఒక రోజు జరిగితే, ముందు రోజు రాత్రి వచ్చిన ఉత్తర్వును మర్నాడే టేబుల్‌లోకి ఎక్కించాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాటను తీసేసి పన్ను సంవత్సరం అన్నది తెచ్చింది, ఆ కాలమ్ పాత వరసలకు ఒకలా, కొత్త వరసలకు ఒకలా ఉండాలి. టేబుల్ చివరి తేదీ ఎప్పుడూ ఆర్థిక సంవత్సరం ఆఖరు దాకా, అంటే ఏదో ఒక మార్చి 31 దాకా సాగాలి. డిసెంబరు 31తో ఆపేసి మరిచిపోయిన టేబుల్ జనవరి 1న ఏ హెచ్చరికా ఇవ్వదు, కొత్త బిల్లులన్నీ 'ఖాళీ' కింద చేరుతుంటాయి అంతే. ఈ పనులు కంప్యూటర్ విభాగంలోని కొత్త ఉద్యోగికి అప్పగించడం మామూలుగా జరిగేది. నన్నడిగితే అకౌంట్స్ విభాగంలో ఏడాది ముగింపు లెక్కలు చూసేవారి పేరు మీద ఉండాలి. మార్చి 31 ఏ వారం పడుతుందో, ఆ రోజు బ్యాంకు తెరిచి ఉంటుందో లేదో ఆఫీసులో అందరికన్నా ముందు ఆరా తీసేది వాళ్లే కాబట్టి.